గ్రామ ప్రణాళిక – సలహాదారుని నియమించు విధము



గ్రామమునకు ప్రణాళిక వ్రాయించుకొనుటకై వేతనమిచ్చి సలహాదారుని, అనగా వాడుకలో కన్సల్టెంటును, పిలువవచ్చునా? పిలిచినచో అతనికి ఏ పని అప్పగింపవలెను? మోర్తాడు వంటి గ్రామమును దృష్టియందుంచుకొని ఈ విషయమును మీకు మనవి చేసెదను.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము గ్రామపంచాయతీలు తమ అభివృద్ధి ప్రణాళికలను తామే రూపొందించుకొనుటకు త్రోవ చూపినది. కావున ప్రణాళిక గ్రామపు సొత్తు. అయినను కొన్ని పనులు నిపుణుడు లేనిదే సాగవు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట, నిజాం ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. వారు నీటి లెక్కలు కట్టి, నగరమునకు ఎగువను జలాశయములు నిర్మింపవలెనని సూచించిరి. ఆ సూచన ఫలితముగా 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము ఏర్పడినవి. వాన ఎంత, నేల వాలు ఎంత, మోరీ వెడల్పు ఎంత అనునవి సభలో చేతులెత్తించి తేల్చదగినవి కావు.

అయితే, ఏ వాడకు ముందుగా మోరీ వేయవలెనను ప్రశ్న కొలబద్దకు లొంగదు. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డిస్ 1914లో మన దేశమునకు వచ్చి, అనేక నగరములను కాలినడకను చూచెను. జనుల బ్రదుకు తెలిసికొనిన పిమ్మటనే కాగితముపై గీత గీయవలెనని ఆయన మతము. హోల్కరుల ఇందోరుకు ఆయన వ్రాసిన ప్రణాళిక 1918లో వెలువడినది. మన నిజామాబాదునకు పూర్వనామమగు ఇందూరు వేరు, ఇది వేరు. అచ్చట దీపావళి ఊరేగింపు బాగుగా శుభ్రపరచుకొన్న వీధులగుండా సాగునని చాటింపగా, జనులు తామే చెత్త నెత్తివేసిరి.

మోర్తాడు ప్రాంతమున పసుపు ఉడికించి ఆరబెట్టు దినములలో సభ పెట్టినచో రైతు రాజాలడు. గల్ఫు దేశములకు పోయినవారి యిండ్ల కష్టము ఇంట నున్న స్త్రీలకే తెలియును. బీడీలు చుట్టు స్త్రీకి పగలు తీరిక యుండదు. మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలకు పలుకుబడి మెండు. కాని వానికి చట్టమిచ్చిన అధికారము లేదు. సలహాదారుడు కమిటీ పెద్దలతో మాత్రము మాటలాడి వెడలినచో, దళితవాడ మాటయు స్త్రీల మాటయు కాగితమున కెక్కవు. ఆ లోపము వానకాలమున ఎవరి గుమ్మము ముందో మురుగై నిలుచును.

కావున ఒప్పందము వ్రాసికొనునప్పుడు ఈ షరతులు చేర్పుడని నా మనవి. అతడు పూర్వము పనిచేసిన గ్రామమునకు మనవారు పోయి విచారింపవలెను. అతడు కొన్నిదినములు మన ఊర నుండి, వాడవాడయు తిరుగవలెను. స్త్రీల మాటను వేరుగా వినవలెను. ప్రణాళికను తెలుగున వ్రాసి గ్రామసభలో చదివి వినిపింపవలెను. పటములు, లెక్కలు పంచాయతీ వశమున నుండవలెను. రాబోవు పనుల గుత్త అతనికిగాని అతని బంధువులకుగాని ఈయరాదు. వేతనము వాయిదాలుగా నిచ్చి, కడపటి వాయిదాను గ్రామసభ ఆమోదించిన పిమ్మటనే చెల్లింపవలెను.

సలహాదారుడు పని ముగిసినంతనే పోవును. ఆ మోరీల ప్రక్కను కాపురముండువారము మనము. కొలత అతనిది, నిర్ణయము గ్రామసభది అని మొదటనే తేల్చుకొనుట మేలు. ఇంతటితో విరమించెదను.