తపసి బంక: నాణ్యం తేలేది చెట్టు మీది గాటులోనే

ములుగు జిల్లా ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల నుంచి వచ్చే సరకుల్లో ఇప్పపువ్వు, తేనెతో పాటు తపసి బంకకూ చోటుంది. రాతిగుట్టలపై పెరిగే తపసి చెట్టు బెరడు తెల్లగా, నునుపుగా ఉంటుంది. ఎండలు ముదిరే వేళకు ఆకు రాలి మోడుగా నిలుస్తుంది. గింజలను వేయించి తినడం, బెరడు నారతో తాళ్లు పేనడం అడవి పల్లెల్లో పాత వాడుక. వర్తకులకు కావలసింది మాత్రం బంక.

విదేశాల్లో దీనిని కరాయ గమ్ అంటారు. ట్రాగకాంత్ బంకకు చౌక ప్రత్యామ్నాయంగా ఇది అక్కడి మార్కెట్లో అడుగుపెట్టింది. నీటిలో పూర్తిగా కరగక, ఎన్నో రెట్లు ఉబ్బడం దీని గుణం. అందుకే విరేచనపు మందుల్లో, కట్టుడుపళ్లు కదలకుండా పట్టి ఉంచే పొడిలో, ఐస్‌క్రీముల్లో వాడతారు. ఇదే ప్రజాతికి చెందిన మరో చెట్టు నుంచి సెనెగల్ దేశంలో తీసే బంక మన సరకుకు పోటీ.

రకాన్ని తేల్చేవి రంగు, శుభ్రత, చిక్కదనం. తెల్లగా, బెరడు తునకలు లేకుండా ఉన్నది మేలు రకం. గోధుమరంగు తిరిగి చెత్త కలిసినది దిగువ రకం. ఏప్రిల్ నుంచి వానలు పడేలోగా తీసిన బంక శ్రేష్ఠం. వానల తర్వాత తీసినది రంగు మాసి, చిక్కదనం తగ్గి ఉంటుంది. నిల్వలోనూ జాగ్రత్త అవసరం. వేడికి, తేమకు చిక్కదనం పడిపోతుంది. పొడిలో ఈ నష్టం మరీ త్వరగా కనిపిస్తుంది. కనుక గడ్డలుగానే నిల్వచేసి, ఆర్డరు వచ్చాక పొడి పట్టించడం మేలు.

అసలు చిక్కు చెట్టు దగ్గరే ఉంది. గొడ్డలితో కర్రదాకా లోతుగా నరికితే ఆ ఏడు బంక బాగానే కారుతుంది. తర్వాత గాయం మానక చెట్టు కుళ్లి చచ్చిపోతుంది. పదునైన చిన్న కత్తితో బెరడు మేరకే గాటు పెట్టి, బంకను నేలపాలు కాకుండా తీస్తే చెట్టు బతుకుతుంది, సరకూ శుభ్రంగా వస్తుంది.

షెడ్యూల్డు ప్రాంతాల్లో ఇటువంటి అటవీ ఫలసాయం కొనుగోలును 1979 నాటి రెగ్యులేషన్ గిరిజన సహకార సంస్థకు అప్పగించింది. సేకరించి అమ్ముకొనే హక్కు గిరిజనులదని 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. మేలు రకానికీ దిగువ రకానికీ ఒకే ధర కట్టిన చోట శ్రమపడి సన్న గాటు పెట్టేవారుండరు. రకాన్ని బట్టి ధరలో తేడా చూపితేనే వచ్చే ఏళ్లకూ చెట్టు, సరకు రెండూ మిగులుతాయి.