పేరుకు పూచీ

లోకవ్యవహారానికి పేరే ఆధారం. అంతర్జాలానికీ ఈ నియమం వర్తిస్తుంది. కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెల ద్వారా గుర్తిస్తాయి. ఆ అంకెలను జ్ఞాపకం ఉంచుకోవడం మానవులకు కష్టం కనుక వాటికి బదులుగా అక్షరాలతో కూడిన పేర్లు ఏర్పడ్డాయి. వీటినే డొమైన్ పేర్లు అంటారు. ఒకే పేరు ఇద్దరికి దక్కితే ఒకరికి పంపిన ఉత్తరం మరొకరికి చేరుతుంది. అందుచేత పేర్ల నమోదు కట్టుదిట్టంగా జరగాలి.

డాట్ కామ్, డాట్ నెట్ వంటి ప్రతి విభాగానికీ ఒక మూల చిట్టా ఉంటుంది. దానిని భద్రపరిచే సంస్థ రిజిస్ట్రీ. డాట్ కామ్ చిట్టా వెరిసైన్ సంస్థ అధీనంలో ఉంది. ప్రజల దరఖాస్తులను స్వీకరించి, ఆ చిట్టాలో పేర్లు నమోదు చేయించే సంస్థ రిజిస్ట్రార్. రిజిస్ట్రార్ తరఫున పేర్లు విక్రయించే చిన్న వ్యాపారులు కూడా ఉన్నారు. అయితే చిట్టాలో నేరుగా నమోదు చేయించే అధికారం వారికి లేదు. గుర్తింపు పొందిన రిజిస్ట్రార్‌కే ఆ అధికారం ఉంది.

1999 వరకు డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ పేర్ల నమోదు అమెరికాలోని నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ఒక్క సంస్థ చేతిలోనే ఉండేది. 1998లో కాలిఫోర్నియాలో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఆవిర్భవించింది. అది 1999లో ప్రయోగాత్మకంగా ఐదు సంస్థలను ఎంపిక చేసి పోటీకి ద్వారాలు తెరచింది. ఆస్ట్రేలియాకు చెందిన మెల్‌బోర్న్ ఐటి వాటిలో ఒకటి.

గుర్తింపు కోరే సంస్థ ముందుగా ఐకాన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తు రుసుము 3,500 డాలర్లు. గుర్తింపు లభించకపోయినా ఈ సొమ్ము తిరిగి రాదు. వ్యాపారం నడపడానికి కనీసం 70,000 డాలర్ల మూలధనం ఉన్నట్లు చూపాలి. సంస్థ పూర్వచరిత్రను, నిర్వహణ సామర్థ్యాన్ని ఐకాన్ పరిశీలిస్తుంది. అర్హత తేలిన పిమ్మట ఐదేళ్ల ఒప్పందం కుదురుతుంది. ఏటా 4,000 డాలర్ల స్థిర రుసుముతో పాటు నమోదుల సంఖ్యను బట్టి మరికొంత చెల్లించాలి. అంతటితో పని పూర్తి కాదు. ఏ విభాగంలో పేర్లు నమోదు చేయదలచారో ఆ రిజిస్ట్రీతో వేరుగా ఒప్పందం చేసుకొని, సాంకేతిక పరీక్షలోనూ నెగ్గాలి.

ఇన్ని నిబంధనలు ఎందుకన్న ప్రశ్నకు 2007 నాటి ఒక సంఘటన సమాధానం చెబుతుంది. అమెరికాలోని రిజిస్టర్‌ఫ్లై అనే రిజిస్ట్రార్ అంతఃకలహాలతో కుప్పకూలింది. రుసుము చెల్లించినవారు సైతం తమ పేర్లను పునరుద్ధరించుకోలేక కోల్పోయారు. ఐకాన్ ఆ సంస్థ గుర్తింపును రద్దు చేసింది. లక్షల సంఖ్యలో పేర్లు గో డాడీ అనే మరొక రిజిస్ట్రార్‌కు బదిలీ అయ్యాయి. నమోదు వివరాల ప్రతిని ఎప్పటికప్పుడు తటస్థ సంస్థ వద్ద భద్రపరచాలన్న నిబంధన ఒప్పందంలో అంతకుముందే ఉన్నా, దాని అమలు ఈ ఘటన తరువాతనే ఊపందుకుంది. 2009లో ఒప్పందాన్ని సవరించారు. 2013లో మరింత పటిష్ఠమైన ఒప్పందం వచ్చింది.

దేశాల పేరిట ఉన్న విభాగాల పద్ధతి వేరు. భారతదేశానికి చెందిన డాట్ ఇన్ నిర్వహణ 2003లో ఏర్పడిన నిక్సీ అనే సంస్థది. ఈ విభాగంలో పేర్లు నమోదు చేసే రిజిస్ట్రార్లకు నిక్సీయే గుర్తింపు ఇస్తుంది. 2011లో ఐకాన్ ఆమోదం పొందిన భారతీయ లిపుల విభాగాలలో తెలుగు లిపిలోని ‘.భారత్’ కూడా ఉండటం తెలుగువారికి సంతోషదాయకం.

ఒక చిరు వ్యాపారి ఏళ్ల తరబడి గడించిన మంచిపేరు ఈనాడు ఒక చిట్టాలోని చిన్న పంక్తిపై ఆధారపడి ఉంది. ఆ పంక్తిని మార్చగల చేతికి అర్హత ఉండాలి, జవాబుదారీతనం ఉండాలి. పేరు కొనేవారు ధర ఒక్కటే చూడక, అమ్మేవారి వెనుక ఏ రిజిస్ట్రార్ ఉన్నదో విచారించడం వివేకం.