ముందు ఆరె, తర్వాతే తోలు

ఒకప్పుడు సరదాగా పర్సులు, బెల్టులు కుట్టి, ఉద్యోగం, పిల్లల హడావుడిలో వదిలేసినవాళ్లు మళ్లీ తోలుపని వైపు చూసినప్పుడు మొదట చేసేది ఆన్‌లైన్‌లో టూల్ కిట్ కొనడం. ఆ కొనుగోలును కొన్నాళ్లు వాయిదా వేసి, తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె ఒకటి, ఒక కత్తి, రెండు మూడు ముద్రలు సొంతంగా చేసుకుని ఆ తర్వాతే తోలు ముట్టుకోవడం మేలని నా వాదన. ఒకే దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి ఎదురెదురుగా దూర్చే కుట్టు ఒక పూటలో చేతికి గుర్తొస్తుంది. ఏళ్ల విరామంలో నిజంగా పోయేది పదును: పనిముట్టుకూ, దాన్ని పట్టే చేతికీ. మొద్దు కత్తి తోలును కోయకుండా లాగుతుంది, లాగిన అంచు వంకరపోతుంది, వంకర అంచు మీద ఎంత చక్కటి కుట్టు వేసినా వికారంగానే కనిపిస్తుంది. చాలామంది రెండోసారి కూడా మానేయడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఉండదనుకుంటాను.

ఆరె సంగతే చూద్దాం. గుండ్రటి మొనతో పొడిస్తే గుండ్రటి రంధ్రం పడుతుంది, దారం అందులో వదులుగా ఉంటుంది. అదే మొనను పేకముక్క మీది డైమన్ గుర్తులా నాలుగు పలకలుగా అరగదీస్తే సన్నటి ఏటవాలు చీలిక పడుతుంది. తోలులోని పోగులు పక్కకు జరిగి, ఆరె బయటికి రాగానే దారం చుట్టూ మళ్లీ దగ్గరవుతాయి. చేతికుట్టు ఒక పక్కకు వాలి వరసగా కనిపించడం వెనక ఉన్నది ఈ చీలికే. గోనెసంచులు కుట్టే దబ్బనం మొనను సానరాయి మీద ఇలా దిద్ది, కర్ర పిడిలో బిగిస్తే పనికొచ్చే ఆరె తయారవుతుంది. పలక వెడల్పుకూ దారం లావుకూ ఉన్న లెక్క అరగదీస్తుంటేనే అర్థమవుతుంది. రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవారి ఆరెకు మొన దగ్గర చిన్న గాడి ఉంటుంది; పొడవడమూ, అడుగునున్న దారాన్ని పైకి లాగడమూ ఒక్క పనిముట్టుతోనే జరగాలి మరి. కిట్టులోని ఆరె చాలాసార్లు సరైన పదును లేకుండానే వస్తుంది. దాన్ని ఎలాగూ మనమే సానబెట్టుకోవాలి.

ఇంట్లో చేసింది ఫ్యాక్టరీ ఉక్కుకు సాటి వస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. కత్తి విషయంలో జవాబంతా ఎంచుకున్న ఉక్కును బట్టి ఉంటుంది. వర్క్‌షాపుల్లో ఇనుప కడ్డీలు కోసే పవర్ హాక్సాలో అరిగిపోయిన హైస్పీడ్ స్టీల్ బ్లేడు దొరికితే అదృష్టమే: 500 డిగ్రీల వేడికి కూడా అది గట్టిదనం వదలదు, గ్రైండరు దగ్గర తొందరపడినా మన్నిస్తుంది. చేతిరంపపు బ్లేడు బైమెటల్ రకమైతే పళ్ల వరకే గట్టి ఉక్కు, మిగతాది పదును నిలపదు. పాత ఆకురాయి మంచి కార్బన్ ఉక్కే కానీ దాన్ని అరగదీసేటప్పుడు అంచు నీలిరంగుకు తిరిగిందంటే వేడి సుమారు 300 డిగ్రీలకు చేరినట్టు. అక్కడ గట్టిదనం పోయినట్టే. మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ మెల్లగా చేయాలి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. జింకు పూత ఉన్న ఇనుమును మంటలో పెట్టకూడదు, ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది.

ముద్రలకైతే ఈ ఉక్కు గొడవే లేదు. తంగేడు చెక్క, కరక్కాయ వంటివాటితో శుద్ధిచేసిన తోలును తడిపితే మెత్తబడి, ఒత్తిన గుర్తును ఆరాక కూడా నిలుపుకుంటుంది. అందుకని పెద్ద మేకు తలమీద ఆకురాయితో అడ్డంగా, నిలువుగా గీతలు కోసి సుత్తితో కొట్టినా ముద్ర పడుతుంది. బజారులో ఎక్కువగా దొరికే క్రోమ్ తోలు మాత్రం ఇలా గుర్తు పట్టదు. కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి. ఇంకో తిరకాసు ఉంది. తంగేడు, కరక్కాయల నుంచి తోలుకు పట్టిన వగరు పదార్థం టానిన్‌కు, తడిగా ఉన్నప్పుడు ఇనుము తగిలితే నల్లటి మరక పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్టమీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నలుపు తేలేది ఈ రసాయన చర్యవల్లే. అక్కడ అందమైనది ఇక్కడ పర్సు పాడుచేస్తుంది కాబట్టి, అసలైన ముద్రలను ఇత్తడి బోల్టు మీద చెక్కుకోవడం మంచిది.

మూడు నాలుగు పనిముట్లు చాలే పనికి ఇన్ని వందల పనిముట్లు కేటలాగుల్లోకి ఎక్కిన కథ వేరు. అమెరికాలో ఫోర్ట్ వర్త్‌లో 1919లో మొదలైన టాండీ వ్యాపారం చెప్పులు బాగుచేసేవారికి తోలు అమ్మేది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికాసుపత్రుల్లో గాయపడ్డవాళ్లు తోలుపనితో కాలక్షేపం చేయడం చూసిన చార్లెస్ టాండీ, యుద్ధం తర్వాత ఆ సరదానే మార్కెట్‌గా మలిచాడు. సరదా పెరిగినకొద్దీ సరంజామా పెరిగింది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులకు రకరకాల చిన్న ఉలులు ఉండటంలో అర్థముంది: బొమ్మ నగల్లోని ఒక్కో రంధ్రంలోంచీ వెలుగు రావాలి. బెల్టు కుట్టుకునేవాడికి అన్ని ఎందుకు?

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. ఆరె, రంపె (తోలు కోసే కత్తి), గూటం (కొయ్య సుత్తి), లంద (తోళ్లు ఊరబెట్టే తొట్టి) అనే మాటలను తరతరాలుగా బతికించుకొచ్చింది మాదిగల ఇళ్లు. మోటకు తోలు, కాళ్లకు చెప్పులు, పండగకు డప్పు ఇచ్చిన చేతులను ఊరు దూరంగానే ఉంచింది. ఆ పనే ఇప్పుడు ఇంకొకరికి ముచ్చటైన కాలక్షేపం కావడం కొందరికి కష్టంగా తోస్తే ఆశ్చర్యం లేదు. సొంతంగా పనిముట్టు చేసుకోవడం ఆ అన్యాయానికి జవాబు అవుతుందని నేను అనను. అయితే కిట్టు పెట్టె తెరిచినవాడికి ఇదంతా ఎక్కణ్ణుంచో దిగుమతైన కళలా కనిపిస్తుంది; ఆరె మొన దిద్దుకోవాలనుకున్నవాడు మాత్రం బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చున్న పనివారి దగ్గరికి వెళ్లక తప్పదు. వారి సమయానికి డబ్బు ఇవ్వాలి, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ తర్వాత దాచకుండా చెప్పాలి.

అన్నీ చేసుకోవాలనే పట్టుదల కూడా అక్కర్లేదు. సూదులు కొనాల్సిందే. బెల్టుకు బెజ్జాలు వేసే గొట్టపు పంచ్ కూడా అంతే: బోలుగా తొలిచి, అంచు పలచబరిచి, విరగకుండా పదునెక్కించడం ఇంటి సరంజామాతో అయ్యేది కాదు.