అక్షరాలున్నాయి... వినిపించవు!

పాఠం ఫోన్లోకి వచ్చేసింది. నోట్సు వాట్సాప్‌లో తిరుగుతోంది. పరీక్ష నోటిఫికేషన్ వెబ్‌సైట్‌లో ఉంది. ఇక చదువుకి అడ్డేముంది అనుకుంటాం. కానీ చూపులేని విద్యార్థికి కొన్నిసార్లు అసలు అడ్డు అక్కడే మొదలవుతుంది!

హైదరాబాద్ పాతబస్తీలో ఛత్తాబజార్ అని ఓ వీధి. పెళ్లిపత్రికలకి పెట్టింది పేరు. ఉర్దూ కాతిబులు కలం పట్టుకుని పేజీలకు పేజీలు ముత్యాల్లా రాసిన చోటు అది. తర్వాత కలం స్థానంలోకి కంప్యూటర్ వచ్చింది. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు... అన్నీ తెరమీదే తయారవుతున్నాయి. ఉర్దూ డీటీపీ అంటే ఇన్‌పేజ్, తెలుగు డీటీపీ అంటే అను. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఏళ్లతరబడి అన్నం పెట్టిన పేర్లివి.

కాగితం మీద ఆ అక్షరాలకి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా ఆ ఫైలు కాగితం దాటి తెరమీదికి చదువుకోవడానికి వచ్చినప్పుడే.

ఎందుకంటారా... పాత తెలుగు ఫాంట్లలో కంప్యూటర్ దృష్టిలో తెలుగు అంటూ ఏమీ ఉండదు. ఇంగ్లిషు అక్షరాలకీ, గుర్తులకీ కేటాయించిన గదుల్లో మన గుణింతాల, ఒత్తుల బొమ్మల్ని తెచ్చి కూర్చోబెడతారు. మన కంటికి కనిపించేది 'అమ్మ'. యంత్రానికి తెలిసింది మాత్రం పొంతనలేని నాలుగు ఇంగ్లిషు గుర్తులు. చూపులేనివారికి తెరమీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ బొమ్మని చూడదు, ఏ గదిలో ఉందో చూస్తుంది. అందుకే 'అమ్మ' అనాల్సిన చోట నోటికొచ్చినట్టు ఏదేదో పలుకుతుంది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లూ ఒకప్పుడు ఇదే బాపతు. ఎవరి ఫాంటు వారిది, డౌన్‌లోడ్ చేసుకోకపోతే తెరంతా గజిబిజి. పత్రికలవాళ్లం ఎదుటివాళ్లకి చెప్పేముందు ఒప్పుకోవాల్సిన సంగతే ఇది.

యూనికోడ్ వచ్చి ఈ గదుల గొడవ తీర్చింది. 1991లో విడుదలైన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి సొంత గదులు దక్కాయి, ఉర్దూ రాసే అరబిక్ లిపికీ దక్కాయి. కానీ అలవాటు అంత తొందరగా పోతుందా!

ఫొటోకి నోరుండదు

ఇంకో రకం ఫైలుంది. అది ఇంతకన్నా మొండిది.

ఓ కళాశాల కార్యాలయంలో నోటీసు తయారవుతుంది. కంప్యూటర్లో శుభ్రంగా టైపు చేస్తారు. ప్రింటు తీస్తారు. సంతకం, స్టాంపు. ఆ కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడతారు. మొదట ఉన్నది అక్షరం, చివరికి మిగిలింది దాని ఫొటో. స్క్రీన్ రీడర్ ఆ ఫైలు తెరిచి ఊరుకుంటుంది, లేదంటే 'ఖాళీ పేజీ' అన్నట్టు చెబుతుంది. పరీక్ష ఫీజుకి ఆఖరి తేదీ అందులోనే ఉంటుంది. చూపులేని విద్యార్థి ఆ ఒక్క తేదీ కోసం ఎవరో ఒకర్ని 'కాస్త చదివి పెట్టవా' అని అడగాలి. ఒకసారైతే పర్లేదు. రోజూ, ప్రతి కాగితానికీ అడగాలంటే... ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

మీ పిల్లల ఫోన్లోనో కంప్యూటర్లోనో ఉన్న ఓ పీడీఎఫ్ తెరిచి చూడండి. అందులో ఓ మాటని వేలితోనో మౌస్‌తోనో ఎంచుకోండి. ఎంచుకోగలిగి, దాన్ని వేరేచోట అతికిస్తే అదే మాట వస్తే, ఆ పాఠం వినిపిస్తుంది. ఎంచుకోలేకపోతే అది ఫొటో. అతికించాక పిచ్చిగీతలు వస్తే అది పాత ఫాంటు. ఇంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు.

మూసీ ఒడ్డు పుస్తకాలు

పాతబస్తీ నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఇక్కడివీ, ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయానివీ ఎన్నో పుస్తకాలు 2000ల్లో స్కానర్ల కిందికి వెళ్లాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల యజ్ఞం అది. మనదేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో సాగింది, హైదరాబాద్‌లో ట్రిపుల్ఐటీ ఆ పనికి కేంద్రమైంది. ఆ వెబ్‌సైట్ తర్వాత మూతపడినా, పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లక్షల్లో ఉన్నాయి. చెదలకి పోవాల్సిన ఎన్నో తెలుగు పుస్తకాలు ఈ పుణ్యానే బతికాయి. కాదనలేం.

ఇక్కడ ఉస్మానియా పాత కథ ఒకటి గుర్తుచేసుకోవాలి. ఉన్నత చదువు ఇంగ్లిషులో ఉంటే మనవాళ్లకి అందదని, 1918లో ఉర్దూ మాధ్యమంగా ఈ విశ్వవిద్యాలయాన్ని పెట్టారు. దానికి ఒక ఏడాది ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ సిద్ధమైంది. గణితం, వైద్యం, న్యాయశాస్త్రం... అన్నీ ఉర్దూలోకి వచ్చాయి. విద్యార్థి దగ్గరికి పుస్తకం నడిచి వెళ్లాలని నూరేళ్ల కిందటే అనుకున్నారన్నమాట! ఆ అనువాదాల్లో కొన్ని ఇప్పుడు స్కాన్లుగా నెట్‌లో దొరుకుతాయి. అప్పుడు అడ్డం భాష. ఇప్పుడు చూపులేని విద్యార్థికి అడ్డం ఆ ఫొటోనే.

ఫొటోలోంచి అక్షరాన్ని గుర్తుపట్టి బయటికి తీసే ఓసీఆర్ ఇంగ్లిషుకి ఎప్పుడో కుదిరింది. తెలుగుకి తేలిగ్గా కుదరలేదు. తలకట్టు పైన, ఒత్తు కింద, ఒక్కో అక్షరానికి ఎన్ని రూపాలో! హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లోనే తెలుగు ఓసీఆర్‌ని అంతర్జాతీయ సదస్సు ముందు పెట్టారు. ఇప్పుడు ఫోన్లోనే అచ్చు పేజీని చాలావరకు సరిగ్గా చదివించొచ్చు. మాసిపోయిన పాత అచ్చు, చేతిరాత నస్తలీఖ్ దగ్గర మాత్రం తడబాటు తప్పదు. అందుకే ఓ మనిషి కూర్చుని తప్పులు దిద్దాలి. అది స్కానింగ్ కంటే ఎక్కువ ఓపిక కావాల్సిన పని.

వింటూ చదవడమంటే...

అక్షరం ఉంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. మనం పుస్తకం తెరవగానే కన్ను శీర్షికల మీద గెంతుతూ పోతుంది. వింటూ చదివేవాళ్లకీ ఆ సదుపాయం ఉంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో 'హెచ్' మీట నొక్కితే ఒక శీర్షిక నుంచి నేరుగా మరో శీర్షికకి వెళ్లొచ్చు. అయితే టైపు చేసినవాళ్లు దాన్ని శీర్షికగా గుర్తుపెట్టి ఉండాలి. ఊరికే లావు అక్షరాలు చేసి వదిలేస్తే యంత్రానికి అదీ మామూలు వాక్యమే. మూడొందల పేజీల పుస్తకంలో పదో అధ్యాయం కావాలంటే మొదటినుంచీ వింటూ రావాలి! బొమ్మ కింద రెండు ముక్కల వివరణ, పట్టికలో వరుసలకి పేర్లు కూడా అంతే. రాసేటప్పుడు నిమిషాల పని, వదిలేస్తే తర్వాత రోజుల పని.

ఈ ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్. తోడు నిలిచినవాడు మిత్రుడు జేమ్స్ టే. ఇద్దరికీ చూపులేదు. అప్పటిదాకా ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనాలంటే చాలా ఖర్చు, ఇది ఉచితం. తెలుగూ పలుకుతుంది. పలుకు కాస్త మరమనిషిలా ఉన్నా, అలవాటైనవాళ్లు మనకి అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటారు.

దూరవిద్య చదివేవాళ్లకి ఈ సంగతి మరీ ముఖ్యం. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమో, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయమో... ఇంటి దగ్గరుండి చదివే విద్యార్థికి పుస్తకమూ, ఫైలే తరగతి గది. అది తెరుచుకోకపోతే తలుపు మూసినట్టే. వినపడని విద్యార్థికైతే వీడియో పాఠం కింద అక్షరాలు కనిపించాలి. 2020లో క్లాసులన్నీ ఆన్‌లైన్‌కి మారినప్పుడు అవి లేక ఎంత కష్టమో తెలిసొచ్చింది.

షామీర్‌పేట నుంచి సుప్రీంకోర్టుకి

చట్టం లేదా అంటే, ఉంది. పుస్తకాన్ని చూపులేనివారు చదవగలిగే రూపంలోకి మారిస్తే కాపీరైటు అడ్డురాదని 2012లోనే సవరణ చేశారు. ఇదే పనికోసం కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు కేటాయించింది. సీటిచ్చి, చదవలేని ఫైలు చేతిలో పెడితే ఏం లాభం?

రాజీవ్ రాతూరి అనే చూపులేని హక్కుల కార్యకర్త 2005లో వేసిన వ్యాజ్యంలో, ఈ చట్టం ఎలా అమలవుతోందో చూసి చెప్పమని సుప్రీంకోర్టు 2023లో మన షామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయాన్ని అడిగింది. నల్సార్ నివేదిక చూశాక 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. సౌకర్యాల నిబంధన 'పాటిస్తే మంచిది' అన్నట్టుంటే కుదరదు, తప్పనిసరి ప్రమాణాలు ఉండాల్సిందేనని తేల్చింది. 2025 ఏప్రిల్‌లో మరో కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడమూ జీవించే హక్కులో భాగమేనంది.

ఢిల్లీలో తీర్పు వస్తుంది కానీ, ఫైలు తయారయ్యేది డీటీపీ బల్లమీదే. మీ ఇంట్లో ఎవరైనా నోట్సో, థీసిసో టైపు చేయిస్తుంటే ప్రింటు తీసుకుని వచ్చేయకండి. యూనికోడ్‌లో ఉన్న ఫైలు కూడా ఇమ్మని అడగండి. శీర్షికలకి హెడింగ్ స్టైల్ పెట్టమనండి. ఓ పుస్తకాన్ని స్కాన్ చేసి పంపితే పదుల ఎంబీలు, అదే అక్షరాలుగా పంపితే ఒకటో రెండో. శుక్లాలు ముదిరిన తాతయ్య కూడా, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అదే ఫైలుని వినొచ్చు.