కరెంటు పోయాక నేర్చుకున్నాం ఫ్రిజ్ సర్దడం

ట్రాయ్ (మిషిగన్): ఇండియన్ గ్రోసరీకి వెళ్లి రెండు వారాల సరుకులు తెచ్చేయడం, వీకెండ్‌లో వండి వారమంతటికీ డబ్బాల్లో సర్దడం ఇక్కడి తెలుగు ఇళ్లలో మామూలే. ఫ్రిజ్ పెద్దదే కదా అని ఖాళీ కనిపించిన చోటల్లా కుక్కేస్తాం. అడుగున ఏముందో పెట్టినవాళ్లకే గుర్తుండదు. మేమూ అంతే. మాకు బుద్ధి వచ్చింది మాత్రం 2003 ఆగస్టు 14న.

ఆ గురువారం సాయంత్రం 4 గంటలు దాటగానే కరెంటు పోయింది. మా వీధిలోనే అనుకున్నాం. డెట్రాయిట్ నుంచి న్యూయార్క్ దాకా, కెనడాలోని అంటారియోతో కలిపి దాదాపు 5 కోట్ల మందికి పోయిందని తర్వాత తెలిసింది.

అంతకు నెల ముందే అమ్మ ఇండియా వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ బొబ్బట్లకు పూర్ణం ముద్దలు, కొబ్బరి కోరు, కూరలు, పెరట్లో కాసిన గోంగూర ఉడికించి కట్టిన పొట్లాలు ఫ్రీజర్లో పెట్టింది. అవి ఏమవుతాయోనని గంటకోసారి తలుపు తీసి చూశాం. ఏది ఎక్కడుందో తెలియక వెతుకుతుంటే ఉన్న కాస్త చల్లదనమూ పోయింది. శుక్రవారం రాత్రి కరెంటు వచ్చేసరికి అన్నీ కరిగి నీళ్లు కారుతున్నాయి. అమ్మ కష్టమంతా రెండు చెత్త సంచుల్లోకి వెళ్లింది. ఫోన్లో చెబితే, "పోతే పోయాయిలే, అవి మాత్రం తినకండర్రా" అంది.

తలుపు తీయకపోతే...

కరెంటు పోయినా తలుపు మూసే ఉంచితే ఫ్రిజ్‌లోవి 4 గంటలు పాడవకుండా ఉంటాయి. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలువ నిలుపుకుంటుంది. కరెంటు వచ్చాక ఇంకా ఐసు ముక్కలు కనబడుతుంటే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు. ఫ్రీజర్లో ఖాళీ ఉంటే సీసాల్లో కాస్త వెలితిగా నీళ్లు పోసి పెట్టండి, అక్కరకొస్తాయి.

ఏది ఎక్కడ?

ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారన్‌హీట్ (సుమారు 4 సెల్సియస్) లోపు, ఫ్రీజర్ 0 ఫారన్‌హీట్‌లో ఉండాలి. చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెడితే సరి.

తలుపు అరల్లో వేడి ఎక్కువ. అక్కడ సాస్‌లు, పచ్చళ్లు పెట్టి, పాలు లోపలి అరలోకి మార్చండి. పచ్చి చికెన్, చేపలు అన్నిటికన్నా కింద ఉంచితే వాటి నీరు కూరల మీద కారదు. కొత్తిమీర, కరివేపాకు తడి లేకుండా పేపర్ టవల్‌లో చుట్టండి. యాపిల్స్ ఆకుకూరల పక్కన వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు ఆకులు త్వరగా పండిపోతాయి. ఉల్లి, బంగాళాదుంపలకు ఫ్రిజ్‌తో పనే లేదు. చల్లగాలి తిరగాలి గనక అరలను మరీ కిక్కిరిసేలా నింపొద్దు.

అన్నం సంగతి

రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నదాకా బయట వదిలేయడం మనకు అలవాటు. అందులో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. 2 గంటల్లోపే వెడల్పాటి గిన్నెల్లో పలచగా సర్ది లోపల పెట్టేయండి. వండిన కూరలైనా 3, 4 రోజులకు మించి ఉంచొద్దు. దాచుకోవాలంటే ఫ్రీజరే.

మిషిగన్‌లో మంచు తుపాన్లకు కరెంటు పోవడం కొత్తేమీ కాదు. అందుకే ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంటుంది: లోపల ఏముంది, ఏ అరలో, ఏ రోజు పెట్టాం అని. తలుపు తీయకుండానే తెలిసిపోతుంది. మరుసటి ఏడాది అమ్మ వచ్చినప్పుడు అది చూసి నవ్వింది. వెళ్లేముందు మాత్రం ఆ కాగితంలో తన చేత్తోనే రాసింది: పూర్ణం, పై అర, ఇరవై ముద్దలు.