పుట్టినింటి గీతలు: చిత్రకారిణి జరీనా

పుట్టినిల్లు విడిచి పోవుట స్త్రీకి క్రొత్త గాదు. మెట్టినింట నెంత సుఖముగా నున్నను, కన్నవారింటి గడప, పెరటిలోని నూతిగట్టు, పడకటింటి కిటికీ మన కన్నులనుండి చెరగిపోవు. అయినను పండుగకో పురిటికో మరల నా గడప త్రొక్కుదుమను ధైర్యము మనకున్నది. ఆ ధైర్యము లేని స్త్రీ యేమి చేయవలెను? ఈ ప్రశ్నకు తన చిత్రములతో సమాధానము చెప్పిన యొక ప్రవాసిని జీవితమును సోదరీమణులకు తెలుపదలచితిమి.

ఈమె పేరు జరీనా హాష్మీ. కళాలోకమున జరీనా యను నొక్క పేరే వాడుకొనెను. ఈమె 1937వ సంవత్సరమున అలీగఢ్‌లో జన్మించెను. తండ్రి యచ్చటి విశ్వవిద్యాలయమున చరిత్ర బోధించుచుండెను. 1947లో దేశవిభజన జరిగినపుడు ఈమె పదేండ్ల బాలిక. ఆ యల్లరులలో కుటుంబము కొంతకాలము ఢిల్లీ పాతకోటయందలి శరణార్థుల శిబిరమున తలదాచుకొనెను. 1958లో జరీనా గణితశాస్త్రమున పట్టము పొంది, దౌత్యశాఖలో నుద్యోగియగు వరుని వివాహమాడి, అతనితో విదేశములకు బయలుదేరెను. మరుసటి యేట తల్లిదండ్రులు కరాచీ నగరమునకు తరలిపోయిరి. అలీగఢ్‌లో ఆమె తిరిగి రాదగిన యిల్లు లేకపోయెను.

భర్తతో పోయిన చోటనెల్ల జరీనా విద్య నేర్చెను. బాంకాకులో కొయ్యపలకను చెక్కి యచ్చు తీయుట ప్రారంభించెను. పారిసులో హేటరుగారి చిత్రశాలలో శిష్యురాలయ్యెను. 1974లో టోకియోలో జపానువారి పద్ధతి నభ్యసించెను. ఆపైన న్యూయార్కు చేరెను. భర్త గతించిన పిమ్మటను, ఒంటరిగా నా మహానగరముననే నిలిచి, తన చేతిపనినే నమ్ముకొని జీవించెను.

ఈ కొయ్యచ్చు మన కెరుగనిది కాదు. మచిలీపట్నపు కలంకారీ అద్దకములో చెక్కడపు అచ్చును రంగులో ముంచి బట్టపై నొత్తుదురు గదా! ఇదియు నట్టిదే. పలకపై సిరా అంటరాని భాగమును ఉలితో తొలగించి, మిగిలిన యెత్తు భాగమునకు సిరా పూసి, కాగితమున కొత్తుదురు. జరీనా మరియొక పరికరమును గూడ వాడెను. అది మన యింటింట నుండు సూది! 1970 తరువాతి సంవత్సరములలో తెల్లని కాగితమును సూదులతో పొడిచి, సిరాచుక్క యైనను లేకుండ చిత్రములు కల్పించెను. కాగితము మనుష్యుల చర్మము వంటిదని ఆమె భావము. అదియు ముదురును; గాయపడును; మచ్చలను దాచుకొనును.

ఈమె చిత్రములలో ఏడ్చు ముఖములు లేవు. రంగులును మిక్కిలి తక్కువ. నల్లని గీతయే ప్రధానము. 1999లో నిర్మించిన ‘ఇల్లొక పరదేశము’ అను సంపుటిలో 36 కొయ్యచ్చులున్నవి. ముందు ఇల్లు, గడప, తలుపు మొదలగు మాటలను జ్ఞప్తికి తెచ్చుకొని, వానిని పాకిస్తానమున నొక లేఖకునిచే ఉర్దూలో వ్రాయించి, పిదప నొక్కొక్క మాటకు నొక్కొక్క చిత్రము కల్పించెను. ఇల్లు పోయినను ఇంటి మాట పోలేదు. ఆ మాటను పట్టుకొనియే ఆమె ఇంటికి దారి వెదకెను.

2001లో ‘విభజన రేఖ’ యను చిత్రము రచించెను. కాగితముపై నొక వంకర గీత. అదియే భారత పాకిస్తానముల సరిహద్దు. ఆ యొక్క గీత నిలుచుటకై చుట్టునున్న కొయ్యనంతయు చెక్కివేయవలసి వచ్చెను. ఒక గీతకై యెన్ని యిండ్లు తుడిచిపెట్టుకొని పోయెనో చెప్పుటకు వేరు మాట లేల?

మా మనస్సును మిక్కిలి కలచినది 2004 నాటి ‘ఇంటినుండి జాబులు’. పాకిస్తానముననున్న సోదరి రాణి, తల్లిదండ్రుల మరణము మొదలగు దుఃఖములను జాబులుగా వ్రాసి, టపాలో వేయక దాచియుంచెను. అవి యెంతో కాలమునకు గాని జరీనా చేతికి రాలేదు. ఆ యక్షరములపైననే ఆమె ఇంటి నక్షాలను, పటముల గీతలను అచ్చొత్తెను. పంపని జాబులు ఈనాడు ప్రఖ్యాత చిత్రశాలలయందు భద్రముగా నున్నవి.

2011లో వెనీసు ప్రదర్శనమున భారతదేశము పక్షమున ఈమె చిత్రములు నిలిచెను. 2020 ఏప్రిలు 25వ తేదీన లండనులో జరీనా కన్నుమూసెను.

సోదరీమణులారా, ఒక కాగితముపై మీ పుట్టినింటి నక్షా గీసి చూడుడు. మేమును గీసితిమి. వంటయింటి తలుపు ఏ వైపునకు తెరచుకొనెడిదో జ్ఞప్తికి రాలేదు. చెల్లెలిని అడుగుచు జాబు వ్రాసితిమి. ఆ జాబును మాత్రము దాచక, ఆనాడే టపాలో వేసితిమి.