ఇంటి సర్వరుకు చిన్న కంప్యూటరు: కొనే ముందు ఆలోచించవలసినవి

సరిహద్దు కుటుంబాలలో కాగితాల మూట ఒక్క రాష్ట్రానికి చెందినది కాదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు భాగాలైనప్పుడు, నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా, కుబేరు సర్కిళ్ళతో పాటు దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకా, ఇస్లాపూర్ సర్కిలు ఇటువైపు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. ధర్మాబాదు నాందేడ్ జిల్లాలోనే నిలిచినది. పొలం ఒకవైపు, పుట్టిల్లు మరొకవైపు అయిన కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. అటువంటి ఇంటిలో మరాఠీలోని సాత్‌బారా, తెలుగులోని పట్టాదారు పాసుపుస్తకం, నిజాం కాలపు ఉర్దూ దస్తావేజు ఒకే గుడ్డ మూటలో కనిపిస్తాయి.

నేడు ఆ మూటలో కొంత భాగం చేతి ఫోనులోకి చేరినది. పిల్లల మార్కుల పత్రాలు, ఆసుపత్రి రిపోర్టులు, పెళ్ళి ఫోటోలు, అవ్వ పాడిన పాటల రికార్డింగులు అన్నీ ఇంటిలోని నాలుగైదు ఫోనులలో చెల్లాచెదురుగా ఉంటున్నాయి. ఫోను నీళ్ళలో పడినా, సంతలో పోయినా వాటితో పాటు ఇవన్నీ పోతాయి. గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసినది. ఇప్పుడు ఒక ఖాతాకు ఉచితంగా లభించేది 15 జీబీ మాత్రమే. అందులోనే ఉత్తరాలూ ఫోటోలూ అన్నీ ఇమడాలి. ఈ నేపథ్యంలో కొందరు చదువుకున్న యువకులు ఇంటిలోనే ఒక చిన్న సర్వరు పెట్టుకోవచ్చునా అని ఆలోచిస్తున్నారు. పెట్టుకోవచ్చును. అయితే ఏది కొనాలి, నెలకు ఎంత కరెంటు ఖర్చవుతుంది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును అన్న విషయాలు ముందుగా తెలుసుకోవడం మేలు.

ఇంటి సర్వరు అంటే ఏమిటి?

సర్వరు అన్న మాట పెద్దదిగా తోచినా విషయం సులభమైనదే. రాత్రింబవళ్ళు ఆగకుండా నడుస్తూ, ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు, టీవీకి వైఫై ద్వారా ఫైళ్ళు అందించే కంప్యూటరే ఇంటి సర్వరు. దానికి తెర, కీబోర్డు మొదటిరోజు అమర్చడానికి మాత్రమే అవసరం. ఆ తరువాత అది రౌటరు పక్కన అలమరలో కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. ఇంటిలోని ఫోను వైఫై పరిధిలోకి రాగానే ఆనాటి ఫోటోలు దానంతట అవే సర్వరులో చేరేటట్లు అమర్చవచ్చును. ఇంటి లోపలి పనికి ఇంటర్నెట్ అవసరం లేదు; నెట్ ఆగిన రోజున కూడా రౌటరుకు కరెంటు ఉంటే చాలు.

అందరికీ ఇది అవసరమా?

అవసరం లేదు. ఇంటిలో ఒకటి రెండు ఫోనులే ఉండి, దాచవలసినవి కొన్ని వందల ఫోటోలు, పది పన్నెండు కాగితాలు మాత్రమే అయితే రెండు పెన్‌డ్రైవులు లేదా ఒక పోర్టబుల్ హార్డ్ డిస్కు సరిపోతాయి. నెలకొకసారి గుర్తుపెట్టుకుని నకలు తీసుకుంటే చాలును. నలుగురైదుగురు వేర్వేరు ఫోనులు వాడుతూ, నకలు తీసే పని ఎవరికీ గుర్తుండని ఇంటికి సర్వరు ఉపయోగపడుతుంది. ఇంటిలో ఒక్కరికైనా కంప్యూటరుపై ఆసక్తి, నెలకు ఒక గంట తీరిక ఉండాలి. చూసేవారు లేని సర్వరు ఏడాది తిరగకుండానే మూలపడుతుంది.

కరెంటు లెక్క

ఇంటిలో పాత డెస్క్‌టాప్ ఉన్నది కదా, దానినే వాడరాదా అని చాలామంది అడుగుతారు. వాడవచ్చును, కాని లెక్క చూడండి. పాత డెస్క్‌టాప్ ఊరకనే వెలుగుతున్నప్పుడు కూడా 60 నుండి 80 వాట్ల వరకు తీసుకుంటుంది. 80 వాట్లను 24 గంటలతో గుణిస్తే రోజుకు 1.92 యూనిట్లు, 30 రోజులకు 57.6 యూనిట్లు. తక్కువ విద్యుత్తుతో నడిచే మినీ పీసీ పని లేనప్పుడు 10 వాట్ల లోపు వాడుతుంది. 10 వాట్లే అనుకున్నా నెలకు 7.2 యూనిట్లు. ఏడాదికి మొదటిది 700 యూనిట్లు, రెండవది 88 యూనిట్లు.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. మహావితరణ గృహ బిల్లులో మొదటి 100 యూనిట్లకు ఒక ధర, 101 నుండి 300 వరకు అంతకంటె ఎక్కువ ధర. నెలకు 80 యూనిట్లు వాడే ఇంటిలో 57 యూనిట్లు అదనంగా చేరితే వాటిలో చాలా భాగం రెండవ శ్లాబులో పడుతుంది. సరిహద్దుకు అటువైపు తెలంగాణలో 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తున్నది. 160 యూనిట్లు వాడే ఇంటిలో పాత డెస్క్‌టాప్ పెడితే 200 దాటి ఆ సదుపాయం ఆ నెలకు చేజారుతుంది. మినీ పీసీతో ఆ భయం ఉండదు. ఉచితంగా దొరికిన పాత కంప్యూటరు అన్నిటికంటె ఖరీదైనది కావచ్చునన్న మాట ఇందువలన చెప్పవలసి వస్తున్నది.

ఏ యంత్రం కొనాలి?

మార్కెట్టులో మూడు రకాలు దొరుకుతాయి.

మొదటిది కొత్త మినీ పీసీ. అరచేయి వెడల్పు పెట్టె. 2023 జనవరిలో ఇంటెల్ విడుదల చేసిన ఎన్100 ప్రాసెసరు వీటిలో పేరు పొందినది. దాని ప్రాసెసరు విద్యుత్తు స్థాయి 6 వాట్లు, కోర్లు నాలుగు. పెట్టె మొత్తం నిండు పనిలో సుమారు 20 నుండి 25 వాట్లు తీసుకుంటుంది. ఇంటి సర్వరుకు ఈ శక్తి ధారాళంగా సరిపోతుంది.

రెండవది ఆఫీసులు వాడి వదిలిన చిన్న డెస్క్‌టాప్. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఈ కోవలోనివి. వీటి ప్రాసెసరు పేరు చివర టి అక్షరం ఉంటే అది 35 వాట్ల తరగతి అని అర్థం. పని లేనప్పుడు పెట్టె మొత్తం 10 నుండి 15 వాట్ల వరకు వాడుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందున్న ప్రాసెసర్లు సాధారణంగా విండోస్ 11 అర్హతల జాబితాలో లేవు. అందువలన అటువంటి యంత్రాలు పాతవాటి దుకాణాలకు చేరుతున్నాయి. సర్వరులో మనం వాడేది ఉచితంగా లభించే లినక్స్ కనుక ఆ లోపం మనకు అడ్డం కాదు. ఇల్లు నిదానంగా చూసుకుని కొనేవారికి ఇదే లాభసాటి.

మూడవది రాస్ప్‌బెరీ పై. 2023లో వచ్చిన ఐదవ నమూనా చాలా తక్కువ కరెంటు వాడుతుంది. కాని అడాప్టరు, డబ్బా, ఎస్.ఎస్.డి. వేరువేరుగా కొనేసరికి ధర పెరుగుతుంది. మెమరీ కార్డు మీదనే సర్వరు నడిపితే నిరంతరం రాయడం వలన కార్డు త్వరగా పాడవుతుంది.

పాతది కొనేటప్పుడు దుకాణంలోనే ఆన్ చేయించి చూడాలి. బయోస్‌కు పాస్‌వర్డు పెట్టి ఉంటే తీసుకోరాదు. ఆఫీసువారు తాళం వేసి వదిలిన యంత్రం అది. అసలు అడాప్టరు ఉన్నదా, డిస్కు ఆరోగ్యం ఎట్లున్నదో చూపమని అడగాలి. జీఎస్టీ బిల్లు, కనీసం కొన్ని నెలల వారంటీ రాయించుకోవాలి.

మెమరీ, డిస్కు

ఫోటోలకు, ఫైళ్ళకు 8 జీబీ మెమరీ చాలును. 16 ఉంటే నిశ్చింత. 2025 చివరి నెలలలో మెమరీ ధరలు బాగా పెరిగాయి కనుక రెండు మూడు చోట్ల అడిగి కొనడం మంచిది. డిస్కు విషయంలో ఒక అంచనా: ఫోను ఫోటో 3 నుండి 4 ఎంబీ ఉంటుందనుకుంటే పదివేల ఫోటోలకు సుమారు 35 జీబీ. వీడియో మాత్రం నిమిషానికి 100 ఎంబీ పైమాటే. గంటసేపటి పెళ్ళి వీడియోకు 6 జీబీ దాటుతుంది. సాధారణ కుటుంబానికి ఒక టీబీ ఎస్.ఎస్.డి. కొన్నేళ్ళు వస్తుంది. పెద్ద సైజు హార్డ్ డిస్కు మినీ పీసీ లోపల పట్టదు, దానికి వేరే కరెంటు కావాలి.

కోతలు, ఎండ, దుమ్ము

మన పల్లెలలో సర్వరుకు ప్రధాన శత్రువు కరెంటు రాకపోకలే. రాస్తున్న సమయంలో హఠాత్తుగా ఆగితే ఫైలు చెడవచ్చును. ఇంటిలో ఇన్వర్టరు ఉంటే సర్వరును, రౌటరును దానికే కలపాలి. 10 వాట్ల భారం ఇన్వర్టరుకు లెక్కలోనిది కాదు. ఇన్వర్టరు లేని ఇంటిలో చిన్న యు.పి.ఎస్. తప్పనిసరి. బయోస్‌లో కరెంటు తిరిగి రాగానే దానంతట అదే ఆన్ అయ్యే అమరిక ఉంటుంది. మొదటిరోజే దానిని పెట్టుకోవాలి.

మే నెల ఎండలో రేకుల గదిలో, అటక మీద దీనిని పెట్టరాదు. ఇంటిలోకెల్లా చల్లని గదిలో, గోడకు నాలుగు అంగుళాల ఎడంగా, గాలి ఆడేచోట ఉంచాలి. గుడ్డ కప్పరాదు. ధర్మాబాదు వైపు మిరపకాయలు నిలువచేసే ఇళ్ళలో ఆ గదికి దూరంగా పెట్టడం మేలు. ఫ్యాను ఉన్న యంత్రం ఆ ఘాటు దుమ్మును లోపలికి లాగుతుంది. చీమలు, బల్లులు వెచ్చదనం వెదుక్కుంటూ వస్తాయి కనుక రెండు నెలలకొకసారి మూత తీసి శుభ్రం చేయాలి.

దానిలో ఏమి పెట్టుకోవాలి?

డెబియన్ లేదా ఉబుంటు లినక్స్ పునాదిగా చాలు. ఫోనుల నుండి ఫోటోలు చేర్చడానికి ఇమిచ్, ఫైళ్ళు పంచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్ లేదా సింక్‌థింగ్, టీవీలో వీడియోలు చూడడానికి జెల్లీఫిన్ ఉన్నాయి. ఇవన్నీ ఉచితమే.

పిల్లలున్న ఇంటివారు కివిక్స్ అన్న సాఫ్టువేరును తప్పక చూడాలి. వికీపీడియాను మొత్తంగా దించుకుని ఇంటర్నెట్ లేకుండా చదువుకునే ఏర్పాటు ఇది. మరాఠీ వికీపీడియా 2003 మే నెలలో, తెలుగు వికీపీడియా అదే ఏడాది డిసెంబరులో ఆరంభమయ్యాయి. రెండింటినీ సర్వరులో పెట్టుకుంటే బడిలో మరాఠీలో చదివిన పాఠాన్ని పిల్లవాడు ఇంటిలో తెలుగులో చూసుకోవచ్చును. ఇంటిలో తెలుగు మాట్లాడుతూ, అక్షరాలు మాత్రం మరాఠీలోనే నేర్చుకునే మన పిల్లలకు ఇది చిన్న మేలు కాదు.

బయటి ఊరి నుండి చూడాలంటే

పూనాలోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు ఇంటి సర్వరును చూడదలిస్తే కొంత జాగ్రత్త అవసరం. మొబైలు నెట్‌లోనూ, అనేక ఫైబరు కనెక్షన్లలోనూ ఒకే చిరునామాను అనేకమంది పంచుకుంటారు కనుక బయటి నుండి నేరుగా ఇంటి యంత్రాన్ని చేరడం కుదరదు. టెయిల్‌స్కేల్ వంటి సాఫ్టువేరు మన యంత్రాల మధ్య మాత్రమే రహస్య మార్గం వేస్తుంది. రౌటరులో పోర్టులు తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినరాదు. ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకం ఉన్న యంత్రానికి వీధి తలుపు తీసిపెట్టడం వంటిది అది. పాస్‌వర్డు బలంగా ఉండాలి, దానిని ఇంటిలో ఇద్దరికి తెలియజేయాలి.

నకలు ఒక్కటే అయితే నకలు కాదు

అన్నిటికంటె ముఖ్యమైన మాట చివరకు మిగిలినది. సర్వరులో పెట్టినంత మాత్రాన కాగితం భద్రమైనట్లు కాదు. పిడుగు పడినా, గోదావరి వరద ఇంటిలోకి వచ్చినా, దొంగ ఎత్తుకుపోయినా సర్వరు ఒక్కటే కాదు, దాని పక్కనున్న డిస్కు కూడా పోతుంది. అందుచేత రెండవ నకలు వేరే ఊరిలో ఉండాలి. ఈ విషయంలో సరిహద్దు కుటుంబాలకు ఒక అనుకూలత ఉన్నది. ధర్మాబాదు ఇంటివారికి బాసరలో, బిలోలి ఇంటివారికి బోధన్‌లో, కిన్వట్ ఇంటివారికి ఆదిలాబాదులో అక్కయ్యో మేనమామయో వియ్యాలవారో ఉంటారు. ఒక పోర్టబుల్ డిస్కులో నకలు తీసి, పాస్‌వర్డుతో తాళం వేసి, పండుగకు వెళ్ళినప్పుడు వారి బీరువాలో ఉంచి, నిరుడు ఉంచిన డిస్కును వెనుకకు తెచ్చుకోవాలి. వారి నకలు మన ఇంటిలో అట్లే ఉంచుకోవచ్చును.

నకలు అసలు పత్రం కాదన్నది కూడా మరువరాదు. కచేరీలో అడిగేది మూల పత్రమే. 2015లో ఆరంభమైన డిజీలాకరులో ప్రభుత్వ శాఖలు జారీచేసిన పత్రాలకు మూల పత్రంతో సమానమైన గుర్తింపు ఉన్నది. మనం ఫోటో తీసి పెట్టుకున్నవాటికి ఆ గుర్తింపు లేదు. అయినా ఇంటి నకలుకు విలువ ఉన్నది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చినది. ఐదేళ్ళలోపే పోర్టలు మారినది. పాత పోర్టలులో మన సర్వే నంబరు ఎదుట ఏమి రాసి ఉన్నదో ఆ రోజున దించి దాచుకున్నవారు, తప్పు దొర్లినప్పుడు దానిని చూపి అడగగలుగుతారు.

కనుక యంత్రం కొనే ముందు ఒక ఆదివారం మూట విప్పి, కాగితాలన్నీ వెలుతురులో ఫోటో తీయండి. ఉర్దూ దస్తావేజు వెనుకవైపు కూడా తీయడం మరువకండి. మోహరు, సంతకాలు తరచు అక్కడే ఉంటాయి. ఏ పొలానికి ఏ కాగితమో ఇంటి పెద్దలను అడిగి పేర్లు రాసుకోండి. ఏ దుకాణమూ అమ్మని వివరం అది. పెద్దలు ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి.